మంట లేని పొయ్యి

ఉప్పల్‌లో స్టేడియం కొత్తగా లేచిన రోజులవి. మెట్రో స్తంభాల ఊసు ఇంకా లేదు. నాచారంలో పొద్దు గూకిందని తెలుసుకోవడానికి ఎవరూ గడియారం చూసేవారు కాదు. ముందు ఫ్యాక్టరీ సైరన్ మోగేది. తర్వాత గల్లీల్లోకి సైకిళ్లు దిగేవి. సైకిళ్ల వెనకే, ఛాయాదేవి ఇంటి గేటు పక్కనున్న రేకుల కింద నుంచి సారలమ్మ రొట్టెలు కొట్టే చప్పుడు మొదలయ్యేది.

తడిపిండి మీద అరచెయ్యి పడే చప్పుడు. అదేమంత పెద్దది కాదు, కానీ గల్లీ చివర ఇస్త్రీ బండి దాకా వినిపించేది. అది విని ఆడవాళ్లు మూతగిన్నెలు పట్టుకుని బయలుదేరేవారు. డ్యూటీ దిగిన మగవాళ్లు సైకిలు స్టాండు వేసి నిలబడేవారు.

సారలమ్మ పిండిని సలసల కాగే నీళ్లతో కలిపేది. వేళ్లు కాలుతున్నా లెక్క చేయకుండా అరచేతి మొదలుతో నొక్కి నొక్కి పిసికేది. ముద్దను పీట మీద పెట్టి, పొడిపిండి చల్లి, ఒక చేత్తో కొడుతూ రెండో చేత్తో అంచు తిప్పుతుంటే అది ఎవరూ పెంచకుండానే పెరిగినట్టు గుండ్రంగా పెరిగేది. దాన్ని రెండు చేతుల మీదికి తీసుకుని పెనం మీద పరిచి, పైన తడిగుడ్డతో తుడిచేది. తడి ఆరగానే తిప్పేసి, ఆఖరికి పొయ్యి నోటి దగ్గర నిప్పుల సెగకు నిలబెట్టేది. రొట్టె బుగ్గలు పూరించినట్టు పొంగేది. పొయ్యిలో కాలేవి మల్లాపూర్ ఫ్యాక్టరీలకు మిషన్లు దిగిన పెట్టెల చెక్కలు.

ఇదంతా మొదలైంది మేడ మీది ఇంటి ఓనరు ఛాయాదేవికి షుగరు వచ్చిందని తెలిసిన రోజున. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడు డాక్టరు. "నాకు కొట్టరాదు సారలా, నువ్వే జర చేసియ్యి" అంది ఛాయాదేవి. ఆమెకు చేసింది చూసి పక్కింటావిడ అడిగింది. పక్కింటావిడను చూసి ఎదురింటాయన అడిగాడు. అప్పటికి సారలమ్మ మొగుడు కనకరాజు పనిచేసే తీగల ఫ్యాక్టరీకి తాళం పడింది. పొయ్యి ఇంట్లో నుంచి గేటు పక్కకు వచ్చింది.

వచ్చేవాళ్లందరూ షుగరు రోగులే కాదు. రైల్వేలో రిటైరైన విశ్వనాథం ప్రతి సాయంత్రం వచ్చి, మొదటి రొట్టెను అక్కడే నిలబడి తినేవాడు. ఉల్లిగడ్డను గేటు మీద పెట్టి గుద్దేవాడు. వేడి రొట్టె మీద ఎల్లిపాయ కారం వేసి మడిచి, ఊదుకుంటూ కొరికి, కాసేపు కళ్లు మూసుకునేవాడు.

"చిన్నప్పుడు సద్దిగిన్నెల రొట్టె ఉంటే దాసుకుని తినేటోన్ని సారలమ్మా. అన్నం తెచ్చినోని ముంగట ఇజ్జత్ పోతదని. గిప్పుడు సూడు, నీ గేటు కాడ లైను కడుతున్న."

సారలమ్మ నవ్వేది. ఆమెకు మాత్రం రొట్టె అంటే తల్లి గుర్తుకొచ్చేది. నర్మెట్ట దగ్గరి పల్లెలో తెల్లవారుజామున ఆ చప్పుడు వింటూ దుప్పట్లో ఒత్తిగిలి పడుకోవడం గుర్తుకొచ్చేది. చప్పుడు వినిపిస్తుందంటే అమ్మ ఇంట్లోనే ఉంది, ఇంకా కూలికి పోలేదు అని. చప్పుడు ఆగితే లేవాలి. ఇన్నేళ్లయినా తను రొట్టె కొడుతుంటే, ఎక్కడో ఎవరో పిల్ల ధైర్యంగా పడుకుని ఉన్నట్టు ఉండేది ఆమెకు.

ఒక సాయంత్రం మొగిలయ్య వచ్చాడు. కనకరాజూ అతనూ ఆ తీగల ఫ్యాక్టరీలో ఒకే షెడ్డులో పనిచేశారు. తాళం పడ్డాక మొగిలయ్య చర్లపల్లిలో ఇంకో కంపెనీలో చేరాడు. అటు నుంచి వస్తూ వారానికి రెండు మూడుసార్లు రొట్టెల కోసం ఆగేవాడు.

"కనకరాజు ఉన్నడా చెల్లె?"

"బయటికి పోయిండన్నా. ఇంక రాలే."

"సరే తియ్. వచ్చిన అని జెప్పు."

సారలమ్మ తలెత్తకుండా రొట్టె తిప్పింది. తలుపుకు కట్టిన పరదా వెనక కనకరాజు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు. సైకిలు గంట వినబడగానే చెప్పులు కూడా లోపలికి తీసుకుపోయేవాడు. పెళ్లాం గల్లీలో కూర్చుని అమ్ముతుంటే తను ఎదురుగా ఎట్లా కూర్చోవాలో అతనికి తెలియదు. మొదట్లో కొట్లాడాడు. తర్వాత పిండి పట్టించుకొచ్చాడు, కట్టెలు తెచ్చాడు. కానీ పొయ్యి వెలిగిందంటే లోపలే. అబద్ధం మాత్రం సారలమ్మ ఆడాలి. కారం గిన్నె అందించినంత అలవాటుగా ఆడేది. ఆడిన ప్రతిసారీ నోట్లో ఏదో చేదుగా ఉండేది.

మొగిలయ్య వెళ్లాక ఛాయాదేవి మేడ దిగి వచ్చింది. వెంట ఆమె తమ్ముడు దయాకర్. హబ్సిగూడలో క్యాటరింగ్ ఆఫీసు ఉంది అతనికి. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. రొట్టె చించి నోట్లో వేసుకుని, నమలడం మధ్యలో ఆపి సారలమ్మ చేతులనే చూశాడు.

"సారలక్కా, శుక్రవారం ఉప్పల్‌ల పెద్ద పెండ్లి. ఫంక్షన్ హాల్ల విలేజ్ సెటప్ పెడుతున్నం. గుడిసె, బావి, ఎడ్లబండి చక్రం, అన్ని. గుడిసెల నువ్వు కూసోవాలె, రొట్టెలు కొట్టాలె."

"ఎంతమందికి అన్నా? ఒక్కదాన్నే ఐతదో కాదో."

"గది నేను సూసుకుంట. నువ్వు కూసుంటే సాలు. మంచిగ నడిస్తే సీజనంత నీకే. మంచి ముహూర్తాలన్ని."

'కూసుంటే సాలు' అన్న మాట సారలమ్మ చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు. దయాకర్ వెళ్లిపోగానే కనకరాజు పరదా తోసుకుని బయటికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో కళ కనిపించింది.

"ఒప్పుకో. ఫంక్షన్ హాల్ అంటే ఇజ్జత్ ఉంటది. పెద్దపెద్దోళ్లు వస్తరు. ఈ గల్లీల పొగల కూసునుడు తప్పుతది."

"గల్లీకి ఏమైంది?"

"ఏం గాలే. నేనైతే జెప్తున్న." అతను పొయ్యి వైపు చూడకుండా అన్నాడు. "ఓనరమ్మ తమ్ముడు. కాదంటే బాగుండదు గూడ."

అదీ నిజమే. ఈ గేటు పక్కన పొయ్యి పెట్టుకోనిచ్చింది ఛాయాదేవి. కొత్తగా సున్నం వేసిన గోడకు పొగ కొడుతున్నా ఒక్క మాట అనలేదు.

మర్నాడు సారలమ్మ తెల్లజొన్నలు కొన్నది. చేటలో పోసి రాళ్లు ఏరింది. పెళ్లికి పాతపిండి పనికిరాదు. పాతబడిన పిండితో రొట్టె కొడితే అంచులు నెర్రెలు వారతాయి. కనకరాజు సంచి సైకిలుకు కట్టుకుని గిర్నీకి వెళ్లి, పిండి చల్లారే దాకా అక్కడే నిలబడి తెచ్చాడు. ఎల్లిపాయలు ఒలిచి, ఎండు మిరపకాయలు వేయించి, రోట్లో కారం నూరి స్టీలు డబ్బా నిండా నింపింది సారలమ్మ. ఇంటర్ చదివే కూతురు సంతోషి, "అమ్మా, పెండ్లి నీదా, వాళ్లదా?" అని ఎగతాళి చేసింది.

శుక్రవారం పొయ్యి ఉండదని చెబితే విశ్వనాథం మొహం వేలాడేశాడు.

"పో పో. పెద్ద పెండ్లిల జేసినంక మాకేం జేస్తవ్."

"ఒక్క దినమే సార్."

"అందరు గట్లనే అంటరు" అన్నాడు ఆయన, నవ్వుతూనే.

*

ఉప్పల్ రింగు రోడ్డు దాటాక ఉంది ఆ ఫంక్షన్ హాలు. కనకరాజు సైకిలు మీద పిండి, పీట, కారం డబ్బా తెచ్చి గేటు దగ్గర దింపి, మధ్యాహ్నం వస్తానని వెళ్లాడు. సారలమ్మ పెట్టెలో దాచిన చిలకాకుపచ్చ చీర కట్టుకుంది. తలకు నూనె రాసుకుంది. చేతులు రెండుసార్లు కడుక్కుంది.

దయాకర్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "గీ చీర గాదక్కా. ఇచ్చేది కట్టుకో." మేకప్ పిల్ల ఒకతె లోపలికి తీసుకుపోయి, ముదురు ఎరుపు ముతక చీర కచ్చ పోసి కట్టించింది. ముక్కుకు నొక్కుడు ముక్కెర పెట్టింది. ఆకుపచ్చ పెన్సిలు తీసి ముంజేతి మీద గీతలు గీయబోయింది.

"నాకుంది గద బిడ్డా పచ్చబొట్టు" అని చెయ్యి తిప్పి చూపించింది సారలమ్మ. ఊళ్లోకి పచ్చబొట్లామె వచ్చినప్పుడు, గింజుకుంటున్న తనను అమ్మ ఒళ్లో అదిమి పట్టుకుని పొడిపించిన తులసికోట అది.

పిల్ల వంగి చూసింది. "వెలిసిపోయింది ఆంటీ. కెమెరాల రాదు." దాని మీదనే మందంగా నెమలిని గీసింది.

గుడిసె దూరం నుంచి బాగానే ఉంది. అట్టల మీద మట్టిరంగు పూసి, పైన ఎండుగడ్డి కుట్టారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. ముట్టుకుంటే అవి ప్లాస్టిక్‌వి. సారలమ్మ లోపలికి వంగి వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది. కట్టెలు ఎక్కడున్నాయా అని చుట్టూ వెతికింది. దయాకర్ బయట నుంచి ఎవరికో చెయ్యి ఊపాడు. పొయ్యి లోపల ఎర్రబల్బు వెలిగింది. దాని కింద చిన్న ఫ్యాను గిర్రున తిరిగింది. నారింజ రంగు గుడ్డపేలికలు లేచి మంటలాగా ఊగాయి.

సారలమ్మ వంగి ఆ పేలికల కిందికి చూసింది.

"అన్నా, గిదేంది?"

"హాల్ లోపల మంట పెట్టనియ్యరక్కా. రూలు. నువ్వు కొడుతనే ఉండు. కాల్చుడు పని లేదు."

"మరి రొట్టెలు?"

"వచ్చినయ్ సూడు." గుడిసె పక్కన బల్ల మీద హాట్ బాక్సులు దింపుతున్నారు. ఎక్కడో మిషను మీద చేయించినవి. అన్నీ ఒకే కొలత, ఒకే మందం. "తినేటియి గవి. సూసేటియి నీయి."

జనం రావడం మొదలైంది. సారలమ్మ పిండి కలిపింది. వేడినీళ్లు లేవు; సీసా నీళ్లతోనే కలిపింది. కొట్టింది. గుండ్రంగా పెరిగిన రొట్టెను చేతుల మీదికి తీసుకుంది. వేయడానికి పెనం లేదు. మళ్లీ ముద్ద చేసి మళ్లీ కొట్టింది. అట్ట గోడలకు తగిలి చప్పుడు డొల్లగా వస్తోంది. కుర్రవాళ్లు వంగి ఫోటోలు తీసుకున్నారు. "ఆంటీ, ఇటు సూడు. జర నవ్వు." పట్టు పరికిణీ కట్టిన పాపను ఎత్తుకున్న తల్లి ఒకామె వేలు పెట్టి చూపించింది.

"చూడు కన్నా, వెనకటికి ఊళ్లల్ల ఇట్ల జేసేటోళ్లు."

సారలమ్మ చెయ్యి ఆగింది. నిన్న సాయంత్రం తను చేసింది. రేపు చేస్తుంది. ఈ హాలుకు కొద్ది దూరంలోనే, గల్లీలో పొగ లేస్తుంది. 'చేసేటోళ్లు' అంటే చచ్చిపోయినవాళ్లని కదా. తన ఒడిలోకే చూసుకుంటూ మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. పిండి మాటిమాటికీ కలపడంతో బిరుసెక్కింది. అంచులు చిట్లుతున్నాయి. ఎవరూ పట్టించుకోవడం లేదు. ఫోటోలో పగులు కనబడదు.

అప్పుడు ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ గుడిసె దాకా వచ్చింది. పెద్ద జరీ పట్టుచీర ఆమె వొంటి మీద నిలవలేక జారుతోంది. పెళ్లికొడుకు నాయనమ్మ. పేరు వెంకటనర్సమ్మ. మనవరాలు కేకలేస్తూ వెనకే పరిగెత్తుకొచ్చింది. "నాయనమ్మా, స్టేజీ అటు. ఎటు పోతున్నవ్?"

"ఆగే" అంది ముసలామె. "సప్పుడు ఇనవడ్డది."

గుడిసె గుమ్మం పట్టుకుని వంగి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా సారలమ్మ ఎదుట నేల మీద కూర్చుండిపోయింది. పట్టుచీర నలుగుతుందని మనవరాలు గోల పెట్టింది. ముసలామె సారలమ్మ చేతుల్నే చూస్తోంది. ఆమె వేళ్లు కర్ర మీద అదే వరుసలో కదులుతున్నాయి.

"ఎన్నొద్దులైంది బిడ్డా గీ సప్పుడినక" అంది. "ఒక్కటియ్యి."

పక్కనున్న కుర్రవాడు హాట్ బాక్సులో నుంచి ఒకటి తీసి పేపరు ప్లేటులో అందించాడు. ముసలామె దాన్ని వేలితో నొక్కి చూసి పక్కన పెట్టేసింది.

"గిది గాదు. ఆ చేతిలున్నది."

"ఇది పచ్చిదవ్వా" అంది సారలమ్మ.

"కాల్చియ్యి మరి. పొయ్యి ముంగటనే ఉన్నవ్ గద."

ముసలామె చెయ్యి చాచి పొయ్యి నోట్లో పెట్టింది. మనవరాలు కెవ్వుమంది. గుడ్డపేలికలు ముసలి వేళ్ల చుట్టూ చల్లగా ఆడాయి. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ముసలామె నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని సారలమ్మ వైపు చూసింది.

"పొయ్యి కాడ కూసోవెట్టి మంట ఇయ్యకపాయెనా నీకు?"

కోపంగా అనలేదు. ఆకలి అయిన పిల్లను అడిగినట్టు అడిగింది. పొద్దుటి నుంచి తనకు ఏమవుతోందో తనకే తెలియలేదు. ఈమె ఒక్క మాటలో చెప్పేసింది.

"కూసో అవ్వా. ఇప్పుడే తెస్త" అంది.

బిరుసెక్కిన పిండిని అవతల పెట్టేసి సంచిలోంచి కొత్తపిండి తీసుకుంది. పీట, పిండి గిన్నె, కారం డబ్బా సంకన పెట్టుకుని గుడిసెలో నుంచి వంగి బయటికి వచ్చింది. కచ్చ పోసిన చీరలో, అంత పెద్ద ముక్కెరతో, పట్టుచీరల మధ్య నుంచి నడుస్తుంటే జనం పక్కకు తప్పుకున్నారు. ఇదీ ప్రోగ్రాంలో భాగమేనేమో అనుకున్నారు.

హాలు వెనక టెంటు కింద వంటలు నడుస్తున్నాయి. బగారా అన్నం దేగ్చాల కింద కట్టెలు ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఆ వేడి ముఖానికి తగలగానే సారలమ్మకు ఇంటికి వచ్చినట్టయింది. వంట మేస్త్రీ బసవరాజు గరిటె పట్టుకుని తిరిగి చూశాడు.

"అన్నా, జర పెనం ఉంటే ఇయ్యి. ఒక్క రొట్టె కాల్సుకుంట."

అతను ఆమె వేషం చూశాడు, చేతిలో పీట చూశాడు. దింపేసిన దేగ్చా తాలూకు పొయ్యి చూపించి, చపాతీల పెనం దాని మీద పెట్టి, కాగే ఎసరు నుంచి ఒక చెంబు వేడినీళ్లు ముంచి ఇచ్చాడు.

వేడినీళ్లు పడగానే పిండి మెత్తబడి మాట విన్నది. సారలమ్మ కొట్టింది. ఇప్పుడు చప్పుడు నిండుగా వచ్చింది. పెనం మీద వేసి, తడి తుడిచి, తిప్పి, నిప్పుల దగ్గర నిలబెట్టింది. రొట్టె పొంగింది. ఒక అంచు కాస్త మాడింది. దాన్ని విస్తరాకులో పెట్టి కారం వేస్తుంటే దయాకర్ పరుగున వచ్చాడు.

"ఏం జేస్తున్నవక్కా? గుడిసె కాలీగ ఉంది. అక్కడ వీడియో అతను నిలబడ్డడు."

"అవ్వకు రొట్టె."

"అంతగనం రొట్టెలు పెట్టినం గదా బల్ల మీద!"

"అవి సల్లగైనయన్నా" అని పక్క నుంచి నడిచి వెళ్లిపోయింది.

వెంకటనర్సమ్మ అట్ట గుడిసెలో నేల మీదే కూర్చుని ఉంది. ఎంత చెప్పినా లేవనందట. ఆకు ఒళ్లో పెట్టుకుని, రొట్టె చించి, వేళ్లు కాలి ఊదుకుని, కారం అద్దుకుని నోట్లో పెట్టుకుంది. పళ్లు లేని దవడలతో చాలాసేపు నమిలింది. ఏదో గొప్ప మాట అంటుందని మనవరాలు ఫోను పట్టుకుని నిలబడింది.

"మాడింది" అంది ముసలామె. ఇంకో ముక్క చించింది. "నా అత్త గిట్లనే మాడవెట్టేది. మాడింది నా పాలికి వచ్చేది. మాడిందే రుచి అని దానికి తెల్వకపాయె." చిన్నగా కిలకిల నవ్వింది. సగం తిని, మిగతా సగం ఆకులో చుట్టి, కొంగున ముడి వేసుకుంది. "గీళ్ల ముంగట తినను. ఒక్కదాన్నే కూసోని తింట."

లేస్తూ ఆసరా కోసం సారలమ్మ ముంజెయ్యి పట్టుకుంది. ఆకుపచ్చ నెమలి ఆమె అరచేతికి అంటుకుంది.

*

భోజనాలు అయ్యాక దయాకర్ ఆమెను పక్కకు పిలిచాడు. కోపం చల్లారింది అతనికి. చెడ్డవాడు కాదు.

"ముసలామెకు జేసినవ్, మంచిదే. వాళ్లు గూడ ఖుష్ అయిన్రు. ఆదివారం సైనిక్‌పురిల ఇంకోటుంది. గదే గుడిసె. కానీ గిట్ల మధ్యల లేచి పోవద్దు."

"వెనక వంటల కాడ ఒక పొయ్యి ఇయ్యన్నా. ఎన్నంటె అన్ని జేస్త. ఏడేడిగ పంపిస్త."

"వెనక జేస్తే ఎవ్వలు సూస్తరు? సూసెటందుకే గద గుడిసె!"

"బల్బు ముంగట కూసునుడు నాతోని కాదన్నా."

దయాకర్ ఫోను మోగింది. రెండో ఫోను కూడా మోగింది. "ఆలోచించుకో. మా అక్కతోని మాట్లాడుత" అని వెళ్లిపోయాడు.

అక్కతో మాట్లాడతాడు. సారలమ్మ తన చిలకాకుపచ్చ చీర మళ్లీ కట్టుకుంటుంటే ఆ మాటే చెవిలో మోగుతోంది. గేటు పక్కన పొయ్యి. సున్నం వేసిన గోడ. ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోవాలి?

బయట కనకరాజు వాచ్‌మన్ పక్కన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చాలాసేపైందని అతని ముఖం చూస్తే తెలుస్తోంది. సామాను తీసుకుని కట్టుకున్నాడు. ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ రింగు రోడ్డు దాకా వచ్చారు. దుమ్ము, బస్సులు, వరంగల్ వైపు పోయే జీపుల కేకలు. చలివేంద్రం దగ్గర కనకరాజు సైకిలు ఆపాడు.

"చెయ్యి ఇటియ్యి."

భుజం మీది తువ్వాల తడిపి ఆమె ముంజెయ్యి రుద్దాడు. ఆకుపచ్చ రంగు చెదిరి చెయ్యంతా పులుముకుంది. మళ్లీ తడిపాడు, మళ్లీ రుద్దాడు. నలుగురూ చూస్తున్నారని సారలమ్మ చెయ్యి లాక్కోబోయింది. అతను వదలలేదు. కింద నుంచి పాత తులసికోట మసకమసకగా బయటపడ్డాక ఆపాడు.

"లోపలికి వచ్చి సూసిన" అన్నాడు. "ఎవడో పోరగాడు నవ్వుమన్నడు నిన్ను."

"ఊఁ."

"నేనే పంపిన." తువ్వాల పిండుతూ ఉండిపోయాడు. "గిదేనా ఇజ్జత్ అంటే."

సారలమ్మ సైకిలు మీద పిండిసంచి జారుతుంటే సర్ది, "నడువు, సంతోషి కాలేజి నుంచి వచ్చే యాళ్లైంది" అంది.

*

శనివారం సైరన్ మోగింది. సారలమ్మ పొయ్యి అంటించింది గానీ ఆమె చూపంతా మేడమెట్ల మీదే ఉంది. అనుకున్నట్టే ఛాయాదేవి దిగి వచ్చింది. ముఖం ముడుచుకుని ఉంది. చేతిలో గిన్నె ఉంది.

"మా తమ్ముడు ఫోన్ జేసిండు. మస్తు కోపంల ఉన్నడు."

సారలమ్మ లేచి నిలబడింది. "నాతోని కాలేదక్కా. ఇల్లు ఖాళీ చెయ్యమంటె…"

"ఇల్లు ఖాళీ జేస్తె నా షుగరుకు ఎవ్వలు జిమ్మేదారి? నువ్వా, వాడా?" ఛాయాదేవి గిన్నె పీట పక్కన టక్కున పెట్టింది. "నిన్న దుకాణంల కొన్న రొట్టెలు తిన్న. అట్టముక్కలోలె ఉన్నయ్. ఎప్పటి లెక్కనే ఇయ్యి. మా తమ్ముడు గూడ వస్తనన్నడు తినెటందుకు. వాని కోపం వానిది, వాని కడుపు వానిది."

సారలమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముఖం దాచుకోవడానికి పొయ్యిలోకి ఊదింది. విశ్వనాథం అప్పటికే ఉల్లిగడ్డ గేటు మీద పెట్టి గుద్దుతున్నాడు. జనం చేరుతున్నారు. పిండి కలపాలి, కొట్టాలి, కాల్చాలి, నిన్న ఈ పొయ్యి ఎగ్గొట్టిన చేతులు ఇవాళ తడబడుతున్నాయి. ఒక రొట్టె పెనం మీద నల్లబడబోతోంది. తిప్పుదామని అట్లకాడ కోసం చెయ్యి చాచింది. అట్లకాడ అక్కడ లేదు.

అది కనకరాజు చేతిలో ఉంది. పరదా పక్కకు నెట్టి వచ్చి, పొయ్యికి అవతలి వైపు గొంతుకూర్చుని, రొట్టె తిప్పేశాడు. తీగలు లాగి లాగి కాయలు కాచిన చేతులకు సెగ తెలిసినట్టు లేదు. జనం ముందు తలెత్తలేదు గానీ లేచి వెళ్లనూ లేదు. సారలమ్మ కొట్టి అందిస్తే అతను కాల్చాడు. మొదటిది మాడింది, రెండోది పచ్చిగా ఉండిపోయింది. మూడోది పొంగింది. పొంగిన దాన్ని చూసి అతనే ఉలిక్కిపడ్డాడు.

అంతలో సైకిలు గంట మోగింది. మొగిలయ్య స్టాండు వేస్తున్నాడు.

"కనకరాజు ఉన్నడా చెల్లె?"

అలవాటుగా సారలమ్మ నోరు తెరిచింది. 'బయటికి…' అనబోయి, మొగుడి వైపు చూసింది. కనకరాజు అట్లకాడ పట్టుకుని బిగుసుకుపోయాడు. పెనం మీద రొట్టె పొగలు కక్కుతోంది.

"ఉన్న" అన్నాడు కనకరాజు. అట్లకాడ పక్కన పెట్టి మళ్లీ అన్నాడు. "ఇంట్లనే ఉన్న రా. నువ్వొచ్చినప్పుడల్ల ఇంట్లనే ఉన్న."

"నాకెరుకనే" అన్నాడు మొగిలయ్య, పొయ్యి పక్కన ఇటుక మీద కూర్చుంటూ. "పరదా కింద నీ కాళ్లు కనవడుతయ్ గదరా."

కనకరాజు తలెత్తాడు. "ఎరుకుండి ప్రతిసారి ఎందుకడిగేటోనివి మరి?"

మొగిలయ్య చర్లపల్లి దుమ్ముతో నిండిన చెప్పులు విడిచి, చేతులు సెగకు చాపాడు.

"అడగకపోతె, నేను నీకోసం రాలే, రొట్టెలకే వస్తున్న అనుకుంటవని."

కనకరాజు కళ్లు తుడుచుకుని, పొగ అన్నట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గాలి అటు వైపు లేదు. సారలమ్మ మాడబోతున్న రొట్టెను వట్టి చేత్తోనే తీసి, కారం వేసి, ఇద్దరి మధ్యా పళ్లెం పెట్టింది. తర్వాత ముద్దకు వంగింది. ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు.